సరిపోయే చోటు

ఆమెకు ముప్పై రెండేళ్లు. పురపాలక కార్యాలయంలో మురుగు కాలువల విభాగం సర్వేయరు. ఆఫీసులో అందరూ ఆమెను కొలతలమ్మ అనేవారు. వెక్కిరింతగా మొదలైన పేరే అది. తొమ్మిదేళ్లు గడిచేసరికి ఆమెకే ఎంత అలవాటైపోయిందంటే, ఫోనెత్తి "ఆ, కొలతలమ్మనే, చెప్పండి" అనే దాకా వచ్చింది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఊరి మధ్యలో ఒకప్పుడు ఒక వాగు పారేది. దాని మీద పలకలు పరిచి, పలకల మీద రోడ్డేసి, రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు కట్టి డెబ్బై ఏళ్లయింది. అక్కడ వాగుందనే సంగతి ఊళ్లో సగం మందికి తెలియదు. నీళ్లకు మాత్రం తెలుసు. గట్టి వాన పడిందంటే అవి కొత్త కాలువల్ని ఖాతరు చేయకుండా పాత దారి పట్టుకుని పోయేవి, పోయిన చోటల్లా గుమ్మాలెక్కేవి. ఏ వానకు ఏ గుమ్మంలో ఎంత ఎత్తుకు వచ్చాయో కొలిచి రాసుకోవడం ఆమెకొక పిచ్చి. అది ఆఫీసు పని కాదు, ఎవరూ చెయ్యమనలేదు. సెలవు రోజున, లేదా వాన వెలిసిన మర్నాడు ఆఫీసు వేళకు ముందు, పై అధికారిని అడిగి లెవెల్ పరికరం భుజాన వేసుకుని ఆ వీధి వెంట పదకొండు చోట్ల ఆగుతూ పోయేది. పెన్సిలుతో రాసేది, తడిసినా చెరగదని. అలా పద్నాలుగు పుస్తకాలు నిండాయి.

కొలవడానికి ఒక్క మనిషి చాలడు. గీతలున్న పొడుగాటి స్టాఫు కర్రను ఎదురుగా ఎవరో ఒకరు నిటారుగా పట్టుకుని నిలబడాలి. ఆ పని కుట్టు పిన్ని చేసేది. వీధి మొదట్లో ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, స్కూలు యూనిఫాంలు కుట్టే మనిషి. మొదటి వానాకాలంలో "ఏం చేస్తున్నావమ్మాయ్ మా గుమ్మం ముందు?" అని గద్దించి, సంగతి విన్నాక మెడలో టేపు తీయకుండానే వచ్చి కర్ర పట్టుకుంది. అప్పట్నుంచీ ప్రతి వానకూ ఆమే. "మా వీధి కాలువ వెడల్పు చేయిస్తావు కదూ?" అనేది. "చేయిస్తా పిన్నీ, లెక్కలు చూపిస్తే ఎవరైనా చెయ్యాల్సిందే" అనేది కొలతలమ్మ. అప్పట్లో ఆ మాట ఆమె నిజంగానే నమ్మింది.

సాయంత్రం కాలేజీలో చదివి డిగ్రీ ఎలాగో గట్టెక్కించింది. తన పుస్తకాల్లో ఉన్నదానికి ఒక శాస్త్రం ఉందని, దాన్ని భూగోళశాస్త్రం అంటారని అక్కడే తెలిసింది. పై చదువుకు రెండు చోట్లకు దరఖాస్తు పెట్టింది. రెండు చోట్లా సీటొచ్చింది. ఒకసారి వచ్చి చూసుకుని నిర్ణయించుకోండి అని రెండు చోట్ల నుంచీ రాశారు.

ఆమె అక్కా బావల ఇంట్లోనే పై గదిలో ఉండేది. బావ ఫర్నిచర్ దుకాణం వ్యాను నడుపుతాడు, మంచాలు, బీరువాలు ఇళ్లకు చేరవేస్తాడు. మనిషి నోరు మూసుకుని పది నిమిషాలుండలేడు.

"ఇన్నాళ్లూ బీరువాలు మోశాను, ఈసారి మరదల్ని మోస్తాను. బరువులో పెద్ద తేడా ఏం ఉండదు," అన్నాడు.

"పడుకున్నప్పుడు నీ గురక మోస్తున్నది మా అక్క. దాన్నడుగు బరువంటే ఏంటో," అంది ఆమె. అక్క వంటింట్లోంచి నవ్వింది. ఆ ఇంట్లో మాటలు అలా నడిచేవి.

మొదట పెద్ద నగరంలోది చూశారు. వ్యానులో రెండు గంటల దూరం. క్యాంపస్ అనడానికి అక్కడ ఏమీ లేదు. మార్కెట్ వీధిలో పాత భవనం. కింద టైర్ల దుకాణం, దాని మీద పళ్ల డాక్టరు, ఆ పైన రెండంతస్తులు భూగోళశాస్త్ర విభాగం. లిఫ్టు తలుపుకు "పని చేయుట లేదు" అన్న కాగితం అంటించి ఉంది. ఆ కాగితం కూడా పాతబడి పసుపెక్కింది. నాలుగో అంతస్తు దాకా రబ్బరు కంపు వెంటాడింది. కిటికీలోంచి చేయి చాపితే పక్క భవనం గోడ తగిలేలా ఉంది.

అక్కడి ప్రొఫెసరు పొట్టిగా, లావుగా ఉన్న పెద్దావిడ. పడిశం పట్టి చేతిలో రుమాలు నలుపుతూ కూర్చుంది. రండి అని లేదు, కూర్చోండి అని లేదు. చేయి చాపి పుస్తకాలు తీసుకుంది. అరగంట పేజీలు తిప్పింది.

"ఈ ఎత్తులన్నీ ఏ గుర్తు నుంచి తీశారు?"

"పాత వంతెన మెట్టు మీద సర్వేవాళ్లు చెక్కిన బెంచ్ మార్కు ఉందండీ. దాన్నుంచి."

"ఆ మెట్టు కుంగలేదని మీకెలా తెలుసు?"

ఆమెకు తెలియదు.

"మూడో సంవత్సరం నుంచి అన్ని చోట్లా ఒకేసారి నాలుగు సెంటీమీటర్లు పెరిగాయి. వాన పెరిగిందా, మెట్టు కుంగిందా?"

"చూసుకోలేదు మేడమ్."

"అది తేలేదాకా ఇవి సగం పుస్తకాలే." ఆవిడ తుమ్మి, ముక్కు తుడుచుకుంది. "ఇక్కడ చేరితే మొదటి ఆరు నెలలూ మీ చేత అదే చేయిస్తాను. ఏడుపొస్తుంది. క్లాసులు శని, ఆదివారాలే. ఉద్యోగం మానక్కర్లేదు."

తొమ్మిదేళ్ల వానల్ని ఒక తుమ్ముకీ ఇంకో తుమ్ముకీ మధ్య తీసిపారేసినట్టనిపించింది ఆమెకు. పుస్తకాలు సంచిలో సర్దుకుంటుంటే ఆవిడ మళ్లీ పిలిచింది.

"ఇంకో మాట. ఇక్కడికొచ్చినా, ఇంకెక్కడికి పోయినా, ముందు దీని మీద నాలుగు పేజీలు రాసి మీ పేరుతో ఎక్కడో ఒకచోట అచ్చు వేయించండి. చిన్న పత్రికైనా ఫరవాలేదు. ఆ తర్వాతే ఇవి ఎవరికైనా చూపించండి. నాతో సహా."

వద్దనడానికి ఇదో మర్యాద కాబోలు అనుకుని మెట్లు దిగింది.

"ఎలా ఉంది?" అన్నాడు బావ.

"టైర్ల కంపు."

"అది నాకు పుట్టుకతోనే అలవాటులే. చదువెలా ఉంది?"

"అదీ అలాగే ఉంది," అంది ఆమె. దారంతా మొహం మాడ్చుకునే కూర్చుంది.

రెండోది కొండ మీద. నాలుగు గంటల ప్రయాణం. చివరి మలుపు తిరిగేసరికి ఆమె సీట్లో ముందుకు జరిగి కూర్చుంది. కింద నది విల్లులా వంగి పారుతోంది. వంపు లోపల పచ్చగడ్డి, రాతి భవనాలు, వాటి మధ్య కాలిబాటలు. ఒకచోట గడ్డిలో ఆరేడుగురు పెద్ద మ్యాపు పరుచుకుని, గాలికి లేవకుండా నాలుగు మూలలా బూట్లు పెట్టి, దాని మీదకు వంగి వాదించుకుంటున్నారు. ఆమె వాళ్లనే చూస్తూ ఉండిపోయింది. తన జీవితంలో మ్యాపు చుట్టూ అలా కూర్చున్నవాళ్లను ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆఫీసులో మ్యాపు పరిచేది ఎవరి మురుగు ఎవరింట్లోకి వస్తోందని తగవు పడ్డప్పుడే.

ప్రొఫెసరును అందరూ నది సార్ అంటారట. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు, గొంతు మెత్తన. గుమ్మం పక్కన బురద బూట్లు. తనే టీ కలిపి ఇచ్చాడు. పుస్తకాలు ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. అది చూసి ఆమె పుస్తకాల అట్టలు చేత్తో తుడిచి మరీ అందించింది.

"ఎన్నేళ్లు?" అన్నాడు.

"తొమ్మిది సార్."

"ఒక్కరే?"

"కర్ర పట్టుకోవడానికి ఒక పిన్ని ఉంది సార్."

ఆయన నవ్వాడు. పేజీ తర్వాత పేజీ నెమ్మదిగా తిప్పాడు. బెంచ్ మార్కు సంగతి ఎత్తలేదు. "ఇది బంగారమమ్మా," అన్నాడు. లేచి, పక్క గదిలోకి తీసుకెళ్లి, నది మీదకు తెరుచుకునే కిటికీ పక్కన ఖాళీగా ఉన్న టేబుల్ చూపించాడు. "ఇది మీకోసం ఉంచుతాను. కొంతమంది ఇక్కడికి వస్తారు, రెండేళ్లుంటారు, పోతారు. కొంతమంది రాగానే తెలిసిపోతుంది, ఇక్కడి మనుషులేనని. మీరిక్కడ సరిగ్గా సరిపోతారు."

ఇంతవరకు ఏ గదిలోకి వెళ్లినా చెప్పులకు కాలువ బురద ఉందేమో అని చూసుకునే అలవాటు ఆమెది. ఆ రోజు చూసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో కొండ దిగేదాకా ఆమే మాట్లాడింది. నది, కిటికీ, గడ్డిలో మ్యాపు. బావ ఊ కొట్టాడు. కింద సమతల రోడ్డు మీదకు వచ్చాక అన్నాడు:

"ఒకటి చెప్తాను, కోప్పడకూడదు."

"చెప్పు."

"నువ్వు లోపలున్నప్పుడు క్యాంటీన్లో ఒక గడ్డమాయన కలిశాడు. ఏడేళ్లుగా మీ నది సార్ దగ్గరే పరిశోధనట. ఎలాంటివాడండీ ఆయన అనడిగాను. 'చాలా మంచివాడు, మన చేతిలో ఏదైనా ఉన్నంతకాలం' అన్నాడు. అనేసి చుట్టూ చూసుకుని, సగం టీ వదిలేసి పోయాడు."

"ఏడేళ్లయినా పూర్తి చేసుకోలేనివాడి మాట పట్టుకొచ్చావా?"

"మాట కాదే, అతని మొహం చూస్తే..."

"మొహాలు చూసి చెప్పడానికి ఇదేమన్నా మంచాల డెలివరీనా బావా? వ్యాను తోలుకునేవాడివి, యూనివర్సిటీల సంగతి నీకేం తెలుసు?"

నోరు జారిందని ఆ క్షణమే తెలిసింది. వెనక్కి తీసుకోవచ్చు కూడా. కానీ ఆ రోజు తన సంతోషం మీద ఎవరైనా చెయ్యి వేస్తే కొరికేసేంత పొగరులో ఉంది. బావ రేడియో పెట్టాడు. కాసేపటికి తనే ఆపేశాడు. మిగతా మూడు గంటలూ ఆ నోరు మూతపడే ఉంది.

అక్క మాత్రం వదల్లేదు. "నగరంలోదైతే ఉద్యోగం ఉంటుంది, ఇంట్లో ఉంటావు. కిటికీలోంచి నది కనబడితే చదువు ఎక్కువొస్తుందా?"

"తొమ్మిదేళ్లు మురుగు కాలువలే చూశానక్కా. రెండేళ్లు మంచి చోట కూర్చోవాలని నాకుండదా?"

అక్క గిన్నెలు సర్దడానికి లేచింది. తన మాటలో తప్పేముందో ఇప్పుడడిగినా కొలతలమ్మ చెప్పలేదు.

రాజీనామా కాగితం పెట్టిన రోజున పై అధికారి దాన్ని చాలాసేపు చూశాడు. "సరిగ్గా వానాకాలం ముందర వదిలేసి పోతున్నావన్నమాట. బాగుందమ్మా, చాలా బాగుంది," అని సంతకం పడేశాడు. లెవెల్ పరికరాన్ని స్టోరులో అప్పగించి వచ్చింది.

కొండ మీద మొదటి ఎనిమిది నెలలూ ఆమె జీవితంలో ఎన్నడూ లేనంత హాయిగా ఉంది. టేబుల్ ఇచ్చారు, అన్న మాట ప్రకారం కిటికీ పక్కనే. ఉదయం నది మీద పొగమంచు తేలేది. మధ్యాహ్నం నీళ్లలో ఇసుక తిన్నెలు పైకి కనిపించేవి. గడ్డిలో మ్యాపు చుట్టూ తనూ కూర్చుంది. తనూ వాదించింది. ఒకసారి తన బూటునే మూలకు పెట్టారు, ఆ సంతోషం అక్కతో ఫోనులో చెప్పుకుంది.

చేరిన రెండో వారంలోనే నది సార్ అన్నాడు: "ఆ పుస్తకాలు అలా సంచిలో పెట్టుకు తిరగకండమ్మా. తడిస్తే ఏం గతి? ల్యాబులో స్కాన్ చేయించి భద్రంగా పెడదాం." పద్నాలుగూ ఇచ్చింది. పది రోజులకు తిరిగొచ్చాయి, ప్రతిదానికీ నీటుగా నంబరు చీటీ అంటించి. ఇంత శ్రద్ధ ఎవరు తీసుకుంటారు అనుకుని మురిసిపోయింది. వాటి మీద తను రాయడం మొదలుపెడతానంటే మాత్రం ఆయన "తొందరేముంది, ముందు చదవండి" అనేవాడు. చదివింది.

రెండో సెమిస్టరు మధ్యలో ఒక పొద్దున వచ్చేసరికి ఆమె టేబుల్ మీద అచ్చయిన వ్యాసం ఒకటి బోర్లా పెట్టి ఉంది. గది అవతలి మూల గడ్డం సీనియరు కంప్యూటర్‌లో తల దూర్చి కూర్చున్నాడు.

తిప్పి చూసింది. పెద్ద పత్రిక. కప్పేసిన వాగు, పదకొండు చోట్లు, తొమ్మిదేళ్లు. తన పెన్సిలు అంకెలు చక్కని రంగుల గీతలై ఉన్నాయి. పైన మూడు పేర్లు. మొదటిది నది సార్‌ది, తర్వాత ల్యాబులో స్కాన్ చేసినతనిది, మూడోది ఆమె ఎప్పుడూ వినని పేరు. తన పేరు కోసం చివరిదాకా వెతికింది. ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: క్షేత్ర సమాచారం సేకరించిన ఒక పురపాలక ఉద్యోగికి కృతజ్ఞతలు.

ఒక ఉద్యోగి. కనీసం కొలతలమ్మ అని కూడా లేదు.

వ్యాసం చేత్తో పట్టుకునే ఆయన గదిలోకి పోయింది. ఆయన కంగారు పడలేదు. టీ పెట్టాడు.

"మీరు బాధపడతారని తెలుసు. నెమ్మదిగా నేనే చెబుదామనుకున్నాను."

"నా పేరు లేదు సార్."

"ఉంచితే మీకే చిక్కమ్మా. ఆఫీసు పరికరంతో తీసిన కొలతలవి. రేపెవరైనా అడిగితే?" సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందుకు జరిపాడు. ఆమె పాత అధికారి సంతకం. ఆ పద్నాలుగు పుస్తకాలూ కార్యాలయపు ఆస్తి అని, విశ్వవిద్యాలయం వాటిని వాడుకోవడానికి అభ్యంతరం లేదని రాసి ఉంది. తేదీ చూసింది. ఆమె ఇక్కడ చేరిన మొదటి నెల.

"మీరు మా ఊరు వెళ్లారా సార్?"

"వెళ్లాను. వాగు విషయంలో సలహాదారుగా ఉండమన్నారు వాళ్లు." కప్పు ఆమె వైపు జరిపాడు. "చూడండమ్మా, కొలవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. రెండోది పరిశోధన. అది నేర్చుకుందామనే కదా మీరొచ్చింది?"

ఆ గొంతు మొదటి రోజు ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా ఉంది. మనిషి మారలేదు. అదే ఆమెకు మింగుడు పడలేదు. టీ ముట్టుకోకుండా లేచింది.

ఫిర్యాదు రాసింది. ముగ్గురి కమిటీ వేశారు. ఆ ముగ్గురూ నది సార్‌తో రోజూ భోజనం చేసేవాళ్లే. వాళ్లలో ఒకడైన విభాగాధిపతి కాసేపు నీళ్లు నమిలి, "బాధాకరమే, కాదనను. కానీ ఆఫీసు ఉత్తరం ఉంది కదమ్మా. మీ దగ్గర ఏదైనా అచ్చయిన కాగితం, ఇంతకుముందు మీ పేరుతో వచ్చింది, ఏమైనా ఉందా?" అన్నాడు.

లేదంది. ఫిర్యాదును అక్కడితో మూసేశారు.

నగరంలోని విభాగానికి ఫోన్ చేసింది. పడిశం మేడమ్ పోయిన నెలే రిటైరై ఎక్కడో కూతురి దగ్గరకు వెళ్లిపోయిందని గుమాస్తా చెప్పాడు. సీట్లు అయిపోయాయట. వచ్చే ఏడు చూడమన్నాడు.

ఉద్యోగం లేదు, వెనక్కి దారి లేదు. ఉండిపోయింది. నది సార్ ఆమెకు కొత్త అంశం ఇచ్చాడు, కొండవాలుల్లో మట్టి కోత. బాగానే చేసింది. అంకెలతో ఆమె ఎప్పుడూ బాగానే చేసేది. కిటికీ పక్క టేబుల్ ఎవరూ లాక్కోలేదు. ఆమే కుర్చీ తిప్పి గోడవైపు కూర్చోవడం మొదలుపెట్టింది.

రెండో ఏడు అక్క ఫోన్ చేసింది. "నీ వాగు వీధికి నోటీసులొచ్చాయే. ఒకసారి రా."

వెళ్లింది. వీధి మొదట్నుంచీ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగు గీత. కొన్నిచోట్ల గీత గోడ మధ్యలోంచి, కొన్నిచోట్ల గుమ్మంలోంచి పోయింది. గీతకు ఇవతల, రోడ్డు వైపు ఉన్నదంతా వాగు స్థలమట, పగలగొట్టి వాగును మళ్లీ పైకి తెస్తారట, ఒడ్డున నడకదారి వేస్తారట. కుట్టు పిన్ని ముందు గది మొత్తం గీతకు ఇవతలే ఉంది.

"రా అమ్మాయ్. కూర్చోమనడానికి కుర్చీల్లేవు, సర్దేశాం," అంది పిన్ని. మిషను మాత్రం కిటికీ దగ్గర అలాగే ఉంది, దాని మీద సగం కుట్టిన యూనిఫాం చొక్కా. నోటీసు చేతికిచ్చింది. తొమ్మిదేళ్ల కొలతల ఆధారంగా నిపుణులు తేల్చారని రాసి, ఈ గుమ్మం దగ్గర నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో సెంటీమీటర్లతో సహా వేశారు. ఆ అంకె ఆమెకు కంఠతా వచ్చు.

"ఆ రోజు కర్ర పట్టుకున్నది నేనే కదా," అంది పిన్ని. "నా ఇంటికి నేనే కొలత ఇచ్చుకున్నానన్నమాట. కాలువ వెడల్పు చేస్తారనుకున్నాను పిచ్చిదాన్ని."

"అది నేను రాసింది కాదు పిన్నీ. అందులో నా పేరు ఎక్కడా లేదు."

"పేరెవరిదైతే నాకేంటి తల్లీ? అంకెలు నీవే కదా."

ఏడాదిగా ఆ పేరు లేదనే కుమిలిపోయింది. ఇప్పుడు అది లేదన్నదాన్నే అడ్డం పెట్టుకుని తప్పించుకోబోయింది. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవికే రోతగా వినిపించింది.

మర్నాడు పాత ఆఫీసుకు పోయింది. పాత వంతెన మెట్టు కుంగి ఉంటుందన్న సంగతి, నాలుగు సెంటీమీటర్ల తేడా సంగతి, ఆ తేడా తీసేస్తే గీత రోడ్డు వైపు జరిగి చాలా ఇళ్లు మిగులుతాయన్న సంగతి మూడు పేజీలు రాసి పట్టుకెళ్లింది. పై అధికారి చదవలేదు, బరువు చూస్తున్నట్టు చేతిలో ఊపాడు.

"ఇది నిపుణుల నివేదిక అమ్మా. దీంతో నీకేం సంబంధం?"

"కొలిచింది నేను సార్. మీకు తెలియదా?"

"నాకు తెలిస్తే సరిపోతుందా? ఆ వ్యాసంలో నీ పేరెక్కడుందో చూపించు, అప్పుడు తీసుకుంటాను." ఆయన నవ్వలేదు కూడా. కసి తీర్చుకుంటున్నట్టు లేడు. పని తెమిలితే చాలన్నట్టున్నాడు. కాగితాలు ఆమె చేతికే తిరిగిచ్చాడు.

ఆ శనివారం కుట్టు పిన్ని సామాను ఊరి చివర అద్దె గదికి మార్చారు. వ్యాను బావదే. అక్క బతిమాలి ఒప్పించిందో, తనంతట తనే వచ్చాడో ఆమె అడగలేదు. మిషను పాదం ఇనుముది, మోయడానికి ముగ్గురు కావాల్సి వచ్చింది. ఒక పక్క ఆమె పట్టుకుంది. పిన్ని వద్దనలేదు, థాంక్స్ అనలేదు. కొత్త గదికి కిటికీ లేదు. మిషను ఎక్కడ పెట్టాలో తేలక గుమ్మంలోనే పెట్టి, తెర కట్టారు. గిరాకీ ఇంత దూరం వస్తుందా అని ఎవరో అడిగారు. పిన్ని నూనె డబ్బా కోసం సంచులు వెతుక్కుంది.

తిరిగొస్తుంటే వ్యానులో ఇద్దరే. రోడ్డు మీద గుంతలకు ఖాళీ వ్యాను గడగడమంది. బావ ఒకప్పుడైతే ఆ చప్పుడుకే నాలుగు జోకులేసేవాడు.

"బావా, ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది."

"ఏ రోజు?"

"కొండ దిగి వస్తున్నప్పుడు."

"ఓ, అదా. ఎప్పుడో మర్చిపోయానులే," అన్నాడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

చెప్పిన తీరులోనే తెలిసిపోయింది, మర్చిపోలేదని. క్షమించకపోవడం కూడా కాదది. ఆమెతో జోకులేయడం అనే పనిని ఆయన ఎప్పుడో మానేశాడు, మళ్లీ మొదలుపెట్టాలంటే ఆయనకే చేతకావడం లేదు. బస్టాండ్ దగ్గర దింపి, సంచి అందించి, "జాగ్రత్త" అన్నాడు. ఎవరికైనా చెప్పే మాటే.

సోమవారం ఆమె మట్టి కోత మీద రాస్తున్న అధ్యాయం ఇవ్వాలి. ఇచ్చింది. ఆ ఏడాది చివర చదువు పూర్తయింది, మంచి మార్కులతోనే. నేల సంరక్షణ శాఖలో ఉద్యోగానికి దరఖాస్తు పెడితే గైడు సిఫారసు ఉత్తరం తప్పనిసరి అన్నారు. రెండు వారాలు తటపటాయించి నది సార్‌ను అడిగింది. ఆయన ఆ సాయంత్రమే రాసిచ్చాడు, రెండు పేజీలు, కవరు అతికించకుండా. చదువుకోమనే కాబోలు.

హాస్టలు మెట్ల మీద కూర్చుని చదివింది. ఓపిక, నిజాయితీ, ఏళ్ల తరబడి ఒకే పని మీద నిలబడే గుణం అని రాశాడు. క్షేత్రంలో ఇంత నమ్మకంగా కొలిచే మనిషిని తన ముప్పై ఏళ్ల అనుభవంలో చూడలేదన్నాడు. ఎక్కడ వేలు పెట్టి ఇది అబద్ధమందామన్నా ఒక్క వాక్యం దొరకలేదు.

ఆ ఉత్తరంతోనే ఉద్యోగం వచ్చింది. అక్కకు ఫోన్ చేసి చెప్పింది. బావకు అక్క చెప్పింది.